పాడటమా, రాసివ్వటమా: డాన్ హిల్ రెండు కెరీర్లు

కెనడా గాయకుడు డాన్ హిల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1977 నాటి 'సమ్‌టైమ్స్ వెన్ వి టచ్'. అమెరికా చార్టుల్లో 3వ స్థానం దాకా వెళ్లిన పాట అది. సొంతంగా పాడితే పేరూ మనదే, తర్వాతి పాట ఆడకపోతే టెన్షనూ మనదే.

వేరేవాళ్లకు పాటలు రాసిచ్చేవాళ్ల మొహం జనానికి తెలీదు. అయితేనేం? పాటల రచయిత కీత్ స్టీగల్‌తో కలిసి హిల్ రాసిన 'ఐ డూ (చెరిష్ యూ)' చూడండి. 1998లో కంట్రీ (అమెరికా పల్లె సంగీత శైలి) గాయకుడు మార్క్ విల్స్ పాడాడు, మరుసటి ఏడాదే 98 డిగ్రీస్ బృందం పాప్‌గా పాడింది. ఒకే పాట, రెండు హిట్లు. పైగా అమెరికాలో మామూలు (ఏఎం, ఎఫ్ఎం) రేడియోలో పాట మోగితే రాయల్టీ రాసినవాళ్లకే, పాడినవాళ్లకు పైసా రాదు. విచిత్రమే మరి! నా ఓటు మాత్రం రాతకే. చప్పట్లు వినకపోతే నిద్రపట్టనివాళ్లకు ఇది సరిపడదు.