టేబుల్‌కి ఎల్‌ఈడీ స్ట్రిప్: రంగులదా, ఉత్త తెల్లదా?

"అన్నా, ఆర్డునో కొనాలా, ఈఎస్‌పీ కొనాలా?" టేబుల్ మీదకి చవగ్గా లైటింగ్ చేసుకుందామనుకునే వాళ్లంతా ముందు అడిగేది ఇలా లైటుని నడిపే బోర్డు గురించే. అడగాల్సింది మాత్రం స్ట్రిప్ గురించి. డబ్బు పోయేదీ, తర్వాత విసుగొచ్చేదీ అక్కడే.

అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి 5 వోల్టుల రంగుల స్ట్రిప్, డబ్ల్యూఎస్2812బీ. ఇంకోటి 12 వోల్టుల మామూలు తెల్ల స్ట్రిప్. నేను రెండూ బిగించి చూశాను.

రంగులదాని గొప్ప రంగులదే. ప్రతి బల్బులోనూ బుల్లి చిప్ ఉంటుంది, ఒక్క డేటా వైరుతో దేని రంగు దానికి మార్చుకోవచ్చు. చిక్కంతా కరెంటు దగ్గర. పూర్తి తెలుపులో ఒక్కో బల్బు 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. నా టేబుల్ నాలుగడుగులు. మీటరుకు 60 చొప్పున 72 బల్బులు పట్టాయి, అంటే 4.3 ఆంపియర్లు. పాత ఫోన్ ఛార్జర్ వల్ల కాదు. బోర్డులో డబ్ల్యూఎల్‌ఈడీ (ఫోన్ నుంచి లైట్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకుంటే అది మొదట్లోనే 850 మిల్లీఆంపియర్ల దగ్గర కళ్లెం వేసి కూర్చుంటుంది. "వెలుతురు చాలట్లేదేంటి?" అని వచ్చే ప్రశ్నల్లో సగం దీనివల్లే. కళ్లెం వదిలితే వోల్టేజి పడిపోయి, చివరి బల్బుల్లో తెలుపు కాస్తా పసుపు తిరుగుతుంది. అప్పుడు రెండు కొసలకీ సప్లై ఇవ్వాలి. పైగా ఈఎస్‌పీ బోర్డు ఇచ్చే సిగ్నల్ 3.3 వోల్టులు, ఈ స్ట్రిప్ లెక్కప్రకారం అడిగేది 3.5. చాలాసార్లు నడిచిపోతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి మినుకుమంటుంది. మధ్యలో సిగ్నల్‌ని 5 వోల్టులకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్ పెడితే ఆ బాధ తీరుతుంది.

ఇవన్నీ ఓపికుంటే సర్దుకునేవే. నా మనసు విరిగింది వేరేచోట.

మొదటి వారం ఇంద్రధనుస్సు. రెండో వారం నీలం. మూడో వారం నుంచి తెలుపు తప్ప ఇంకోటి పెట్టలేదు. ఆ తెలుపు ఎలాంటిదో సాల్డరింగ్‌కి కూర్చున్న రోజు తెలిసింది. 330 ఓముల రెసిస్టర్ తీసి, అది 220 అనుకుని బోర్డు మీద అతికించేశాను. నారింజ గీతలు నా కంటికి ఎర్రగా కనబడ్డాయి. పొద్దున కిటికీ దగ్గర చూస్తే నారింజే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిపి చేసిన తెలుపులో మధ్య రంగులు ఉండాల్సినంత ఉండవు. ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉండే నారింజ, పసుపుల చోట పెద్ద గండి. తెల్ల స్ట్రిప్‌లో నీలం చిప్ మీద, ఆ నీలాన్ని మిగతా రంగుల్లోకి మార్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది కాబట్టి ఆ గండి చాలావరకు పూడుతుంది. సీఆర్‌ఐ 90 (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 100కి), 4000 కెల్విన్ (మరీ పసుపూ, మరీ నీలమూ కాని తెలుపు) అని రాసున్న రీల్ దొరికితే కాగితం కాగితంలా, చెయ్యి చెయ్యిలా కనిపిస్తాయి. రాసుకునే, చదువుకునే టేబుల్‌కి నా ఓటు దీనికే.

కరెంటూ తక్కువే. మీటరుకు 10 వాట్ల స్ట్రిప్ నాలుగడుగులకి సుమారు 1 ఆంపియర్ తీసుకుంటుంది. అటక మీద పడున్న పాత రౌటర్ అడాప్టర్ 12 వోల్టులదే అయ్యుండొచ్చు, తీసి చూడండి. 2 ఆంపియర్లదైతే నిశ్చింత.

అలాగని దీనికి తిప్పలు లేవని కాదు. బోర్డు నేరుగా 12 వోల్టులు నడపలేదు, మధ్యలో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అడిగితే ఒక షాపాయన ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ చేతిలో పెట్టి "రెండూ ఒకటే సార్" అన్నాడు. ఒక్క అక్షరమే తేడా, కానీ ఒకటి కాదు. ఎఫ్ ఉన్నది 3.3 వోల్టులకి సరిగ్గా తెరుచుకోదు. లైటు గుడ్డిగా వెలిగింది, మాస్‌ఫెట్ మాత్రం వేలు చుర్రుమనేలా కాలింది. ఎల్ ఉన్నదే తీసుకోండి. మాస్‌ఫెట్ గేటు (బోర్డు సిగ్నల్ అందుకునే కాలు) నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి వేయండి, బోర్డు ఆన్ అయ్యేటప్పుడు లైటు తళుక్కుమనదు. 12 వోల్టులని తగ్గించి బోర్డుకి 5 వోల్టులిచ్చే బక్ మాడ్యూల్‌ని ముందు మల్టీమీటర్‌తో సరిచేసుకుని, ఆ తర్వాతే కలపండి.

ఇక బోర్డు: డీ1 మినీ. దీన్లో ఉన్నది ఈఎస్‌పీ8266, డబ్ల్యూఎల్‌ఈడీ రెండు స్ట్రిప్‌లనూ నడుపుతుంది, కోడు రాసే పనిలేదు. వైఫై మాత్రం 2.4 గిగాహెర్ట్జ్‌దే. ఫోన్ అక్కర్లేదు, తిప్పే నాబ్ చాలంటే ఆర్డునో నానో. ఈఎస్‌పీ32 ఈ పనికి ఎక్కువ. ఎస్‌కే6812 ఆర్‌జీబీడబ్ల్యూ అనే ఇంకో స్ట్రిప్‌లో రంగులతోపాటు విడిగా తెల్ల బల్బూ ఉంటుంది, ధర చూసి ఆగిపోయాను.

రంగుల స్ట్రిప్ పారేయలేదు. మానిటర్ వెనక గోడకేసి అతికించాను. అక్కడ తెలుపు బాగుందా లేదా అని చూసేవాళ్లు లేరు.

ఏది కొన్నా స్ట్రిప్‌ని లోపల అతికించే అల్యూమినియం ప్రొఫైల్ (పొడవాటి గాడి), పాల రంగు మూతతో సహా, కలిపి కొనండి. మా టేబుల్ సన్‌మైకా నున్నగా ఉంటుంది. మూత లేని నాలుగు రోజులూ కీబోర్డు ముందు చుక్కల వరుస మెరుస్తూనే ఉంది.