"పాత సౌండ్ సపోర్ట్ చేసి ఇస్తాం" అంటే డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

కాలేజీ ల్యాబ్‌లకో, రికార్డింగ్ పనులకో, ఇంట్లో పాత లైనక్స్ ప్రోగ్రాములు నడుపుకోవడానికో రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లు కొనేవాళ్ల కోసం ఈ పోస్టు. "ఓఎస్ఎస్ (లైనక్స్‌లో పాతకాలపు సౌండ్ పద్ధతి) సపోర్ట్ పెట్టి ఇస్తాం, మీ పాత సౌండ్ సాఫ్ట్‌వేర్ అంతా నడుస్తుంది" అని షాపులో ఎవరైనా అంటే ఆ మాట మీద ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టకండి, మీ ప్రోగ్రాము మీ కళ్లముందు నడిచేదాకా ఆగండి. మా దగ్గర సిస్టమ్‌కి పదిహేను వందల చొప్పున ఈ పనికని విడిగా తీసుకున్నారు. షాపు పేరు రాయడం లేదు, ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

మా అవసరం చెప్తే తర్వాత జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది. మా కాలేజీ స్పీచ్ ల్యాబ్‌లో పిల్లల గొంతు రికార్డు చేసి అచ్చులూ హల్లులూ గ్రాఫుగా చూపించే ఒక పాత ప్రోగ్రాము ఉంది. రాసిన సారు ఎప్పుడో రిటైరైపోయారు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు, మిగిలింది 32 బిట్ బైనరీ, అంటే నేరుగా నడిపే ఫైల్ ఒక్కటే. అది సౌండ్ కార్డుకి దారిగా ఉండే /డెవ్/డీఎస్‌పీ అనే ఫైల్‌ని నేరుగా తెరిచి, సెకనుకు 16,000 శాంపిళ్లు, ఒకే ఛానెల్ కావాలని అడిగి రికార్డు మొదలుపెడుతుంది. లైనక్స్‌లో ఒకప్పుడు సౌండ్ అంటే ఇదే పద్ధతి. 1992లో హన్ను సవొలైనెన్ మొదలుపెట్టిన డ్రైవర్లే ఓపెన్ సౌండ్ సిస్టమ్, అంటే ఓఎస్ఎస్ అయ్యాయి. 1998లో యారోస్లావ్ కిసెలా మొదలుపెట్టిన ఆల్సా అనే కొత్త సౌండ్ పద్ధతి 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో (కెర్నల్ అంటే లైనక్స్‌కి గుండెలాంటి భాగం) దాని స్థానంలోకి వచ్చింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా ఆల్సావాళ్లే ఎస్ఎన్‌డీ-పీసీఎం-ఓఎస్ఎస్, ఎస్ఎన్‌డీ-మిక్సర్-ఓఎస్ఎస్, ఎస్ఎన్‌డీ-సీక్-ఓఎస్ఎస్ అనే మూడు మాడ్యూళ్లు, అంటే కెర్నల్‌కి తగిలించే ముక్కలు ఇచ్చారు. మనం డబ్బు కట్టేది ఈ మాడ్యూళ్లు పనిచేయడానికే, వేరే మాయేమీ లేదు. కానీ ఇవి ప్రతి కెర్నల్‌లోనూ ఉండవు. ఉబుంటు అయితే 2010లో వచ్చిన 10.10 వెర్షన్‌లోనే వీటిని తన కెర్నల్ నుంచి తీసేసింది. ఈ సంగతి చెప్పకుండానే షాపులో "అయిపోతుంది సార్" అనేస్తారు.

డెలివరీ రోజు షాపు కుర్రాడు టెర్మినల్ తెరిచి, రూట్‌గా (అన్ని అనుమతులూ ఉండే యూజర్‌గా) లాగిన్ అయి, ఒక వేవ్ ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో /డెవ్/డీఎస్‌పీలోకి పంపించి చూపించాడు. ఎర్రర్ రాలేదు. "చూడండి సార్, డివైస్ తీసుకుంది, స్పీకర్ పెట్టుకుంటే వచ్చేస్తుంది" అన్నాడు. ల్యాబ్‌కి తెచ్చి స్పీకర్ పెట్టి చూస్తే చప్పుడు లేదు. ప్రోగ్రాము తెరిస్తే డివైస్ దొరకలేదని మెసేజ్. టర్మ్ మొదలయ్యే ముందు వారం, పిల్లల ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, ఎంత టెన్షనో చెప్పలేను.

ఇక్కడే ఆగి మీరు గమనించాల్సింది ఒకటుంది. రూట్‌గా ఉండి, లేని ఫైల్ పేరు మీదకి ఏదైనా పంపిస్తే లైనక్స్ "లేదు" అనదు, ఆ పేరుతో మామూలు ఫైల్ ఒకటి తయారుచేసి అందులో రాసేస్తుంది. షాపులో జరిగింది అచ్చంగా ఇదే. /డెవ్ అంటే డిస్క్ కాదు, ర్యామ్‌లో ఉండే ఫోల్డరు, కాబట్టి ఆ పాట మొత్తం ర్యామ్‌లోకి కాపీ అయి కూర్చుంది, సౌండ్ కార్డ్‌కి ఒక్క బైటు కూడా చేరలేదు. సిస్టమ్ ఆపి మళ్లీ పెడితే ఆ ఫైల్ కూడా మాయం, అందుకే ల్యాబ్‌లో మా ప్రోగ్రాముకి డివైస్ కనిపించలేదు. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఎల్ఎస్ కమాండ్‌కి మైనస్ ఎల్ తగిలించి /డెవ్/డీఎస్‌పీ చూడండి. వచ్చిన వరుసలో మొట్టమొదటి అక్షరం చిన్న సీ అయి ఉండాలి, అంటే క్యారెక్టర్ డివైస్, నిజమైన పరికరానికి దారి. అక్కడ చిన్న గీత కనిపిస్తే అది ఉత్త ఫైలు. ఇంకా ఆ వరుస మధ్యలో మామూలు ఫైల్‌కి సైజు ఉండే చోట 14, 3 అని రెండు అంకెలు ఉండాలి. డీఎస్‌పీకి ఆ నంబర్లే, మిక్సర్‌కి 14, 0.

ఫోన్ చేస్తే మొదట "మీ సాఫ్ట్‌వేరే పాతది సార్, మా వైపు అంతా ఓకే" అన్నారు. గట్టిగా అడిగితే మనిషిని పంపారు. ఆయన వచ్చి మెక్‌నాడ్ కమాండ్‌తో 14, 3 నంబర్లు పెట్టి చేత్తో డివైస్ ఫైల్ సృష్టించి వెళ్లిపోయాడు. ఇప్పుడు మొదటి అక్షరం సీయే, నంబర్లూ సరిగ్గానే ఉన్నాయి, అయినా తెరిస్తే అలాంటి డివైస్ లేదన్న ఎర్రరే. వెనకాల మాడ్యూల్ లేకుండా పేరొక్కటే నిలబెడితే గడప పెట్టి ఇల్లు కట్టామన్నట్టే. కాబట్టి ఎల్ఎస్ ఒక్కటే చాలదు. మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఎస్ఎన్‌డీ-పీసీఎం-ఓఎస్ఎస్ లోడ్ చేయమనండి. మాడ్యూల్ దొరకలేదంటే ఆ కెర్నల్‌లో ఈ సపోర్ట్ మాడ్యూల్‌గా లేనట్టే. ఇంకో దారి, /బూట్ ఫోల్డర్‌లో ఆ కెర్నల్ పేరుతో ఉండే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి కాన్ఫిగ్_ఎస్ఎన్‌డీ_పీసీఎం_ఓఎస్ఎస్ అనే వరుస వెతకండి. ఎదురుగా ఎం ఉంటే మాడ్యూల్‌గా ఉంది, వై ఉంటే కెర్నల్‌లోనే కలిసి ఉంది, "సెట్ చేయలేదు" అన్న అర్థంతో ఉంటే లేదు. దీనికి ఇంజనీరు అక్కర్లేదు, షాపు కౌంటర్ దగ్గరే నిలబడి చూడొచ్చు.

మూడోసారి వాళ్లే కెర్నల్‌ని కొత్తగా కంపైల్ చేసి వేశారు. ఈసారి శబ్దం వచ్చింది. ల్యాబ్ అసిస్టెంట్ సంబరంగా ఒక అమ్మాయి చేత "అమ్మ" అనిపించి రికార్డు చేశాడు. ఆ రికార్డుని వేరే ప్లేయర్‌లో తిరిగి వింటే ఏదో లోయలోంచి ముసలాయన మూలుగుతున్నట్టుంది, ఆ రెండక్షరాలు సాగి సాగి ఎప్పటికీ అవ్వడం లేదు. గ్రాఫులో ఫ్రీక్వెన్సీలన్నీ తప్పు. ఇది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, "పనిచేస్తోంది కదా" అని బిల్లు కట్టేస్తారు, తప్పుడు లెక్కలతో పిల్లలు రికార్డులు రాసేస్తారు.

కారణం కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో ఒక చిన్న ఆప్షను. ఓఎస్ఎస్ పీసీఎం ఆప్షన్ కిందే ప్లగిన్ సిస్టమ్ చేర్చాలా అని ఇంకో ప్రశ్న ఉంటుంది, దాని పేరు కాన్ఫిగ్_ఎస్ఎన్‌డీ_పీసీఎం_ఓఎస్ఎస్_ప్లగిన్స్. మామూలుగా అది వై అనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోకపోతే ఏ గొడవా లేదు. శాంపిల్ రేటు, ఛానెళ్లు, ఫార్మాట్ మార్చిపెట్టే పని చేసేది అదే. మాకు చేసినవాళ్లు కెర్నల్ చిన్నదిగా ఉండాలని కాబోలు దాన్ని తీసేశారు. దాంతో ప్రోగ్రాము 16,000 అడిగితే, మదర్‌బోర్డు మీద ఉన్న సౌండ్ చిప్ తనకి చేతనైన 48,000 ఇచ్చింది, ఒక ఛానెల్ అడిగితే రెండు ఇచ్చింది. నిజానికి ఓఎస్ఎస్ పద్ధతిలో కెర్నల్ "నేను ఇచ్చింది ఇంత" అని తిరిగి చెప్తుంది, కానీ ఆ కాలపు ప్రోగ్రాముల్లో ఆ జవాబు చూసుకోనివి ఉన్నాయి, మాదీ అంతే. రేటు మూడు రెట్లు, ఛానెళ్లు రెండు, వెరసి ఒక సెకను మాట ఆరు సెకన్లు సాగుతుంది. మీరు కొనేటప్పుడు కాన్ఫిగ్ ఫైల్‌లో ఈ ప్లగిన్స్ వరుస కూడా తప్పకుండా చూడండి, ఒక మాట రికార్డు చేసి వేరే ప్లేయర్‌లో కూడా తిరిగి వినండి, మీ ప్రోగ్రాములోనే వింటే రికార్డులో తప్పూ ప్లేబ్యాక్‌లో తప్పూ ఒకదానికొకటి సరిపోయి తేడా తెలియకపోవచ్చు.

అది కూడా సరిచేయించాక ఇంకోటి బయటపడింది. మా ప్రోగ్రాము తెరిచి ఉన్నంతసేపూ బ్రౌజర్‌లో శబ్దం రాదు, బ్రౌజర్‌లో వీడియో నడుస్తుంటే మా ప్రోగ్రాము "డివైస్ బిజీ" అంటుంది. ఇందులో షాపువాళ్ల తప్పేం లేదు, ముందే చెప్పకపోవడం మాత్రం తప్పు. ఈ ఓఎస్ఎస్ మాడ్యూల్ డెస్క్‌టాప్‌లో ప్రోగ్రాముల శబ్దాలన్నీ కలిపే సౌండ్ సర్వర్లయిన పల్స్‌ఆడియోనీ పైప్‌వైర్‌నీ పట్టించుకోకుండా నేరుగా హార్డ్‌వేర్‌నే పట్టుకుంటుంది. ఇప్పటి బోర్డుల మీద ఉండే సౌండ్ చిప్‌లు చాలావరకు ఒకేసారి ఇద్దరిని ప్లే చేయనివ్వవు. మీ పనికి రెండూ కలిసి కావాలంటే కెర్నల్ మాడ్యూల్ దారి వదిలి ఓఎస్ఎస్‌పీడీ అనే ప్రోగ్రాము చూడండి, అది తనే /డెవ్/డీఎస్‌పీని నిలబెట్టి శబ్దాన్ని డెస్క్‌టాప్ సౌండ్ సర్వర్‌కి పంపుతుంది. అయితే కెర్నల్‌లో ఓఎస్ఎస్ నంబర్లను ముందే ఆక్రమించుకునే ప్రీక్లెయిమ్ ఆప్షన్ వైగా ఉంటే దానికి చోటు దొరకదు, బూట్ లైన్‌లో సౌండ్‌కోర్.ప్రీక్లెయిమ్_ఓఎస్ఎస్ విలువ సున్నా పెట్టాలి. ప్యాడ్‌ఎస్‌పీ, ఏఓఎస్ఎస్ అనేవి కూడా ఉన్నాయి, షాపువాళ్లు తేలిగ్గా పని కానిచ్చేయడానికి ఇవి వేస్తారు. సాదా ప్రోగ్రాములకి బాగానే పనిచేస్తాయి. కానీ ఇవి ప్రోగ్రాము లోపలికి ఒక లైబ్రరీని ముందుగా దూర్చే పద్ధతి కాబట్టి, స్టాటిక్‌గా లింక్ చేసిన (లైబ్రరీలన్నీ తనలోనే కలిపేసుకున్న) ప్రోగ్రాముకి పనికిరావు, 32 బిట్ ప్రోగ్రాముకి 32 బిట్ లైబ్రరీ కూడా పెడితేనే పనిచేస్తాయి.

మాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది మాత్రం ఇదీ. తమ కెర్నల్ పోకుండా ఉండాలని వాళ్లు కెర్నల్ అప్‌డేట్లు రాకుండా హోల్డ్‌లో పెట్టేశారు, బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నల్‌నే నడవనిచ్చే రక్షణ) ఆపేశారు, ఒక్క మాట కూడా చెప్పలేదు. సొంతంగా కంపైల్ చేసిన కెర్నల్‌ని, మాడ్యూళ్లని సంతకం లేకుండా సెక్యూర్ బూట్ ఒప్పుకోదు, నిజమే, కానీ సంతకం పెట్టే దారి ఉంది, అది చేసే ఓపిక వాళ్లకి లేదు. పిల్లలు రోజూ పెన్‌డ్రైవులు పెట్టే, ఇంటర్నెట్ వాడే ల్యాబ్ సిస్టమ్‌లలో సెక్యూరిటీ అప్‌డేట్లు రాకుండా ఆపేయడం ఎంత బాధ్యతలేని పనో ఆలోచించండి. సిస్టమ్ తీసుకునేటప్పుడు ఆప్ట్-మార్క్ కమాండ్‌తో హోల్డ్‌లో ఉన్న ప్యాకేజీల జాబితా చూడండి. కెర్నల్ పేరు అక్కడ కనిపిస్తే ఎందుకు ఆపారో రాతపూర్వకంగా అడగండి.

సౌండ్ కార్డు విడిగా కొనేవాళ్లకి కూడా ఒక మాట. "పాత ఓఎస్ఎస్ ప్రోగ్రాములకి బెస్ట్" అని సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డులు సెకండ్‌హ్యాండ్‌లో మంచి రేటుకి అమ్ముతుంటారు. మాట అబద్ధం కాదు, ఈఎంయూ10కే1 చిప్ ఉన్న అసలు లైవ్ కార్డు హార్డ్‌వేర్‌లోనే పలు శబ్దాలు కలుపుతుంది కాబట్టి పైన చెప్పిన బిజీ గొడవ ప్లేబ్యాక్‌లో రాదు. కానీ పేరులో లైవ్ ఉన్నవన్నీ ఆ చిప్ కాదు. లైవ్ 24 బిట్ కార్డులో ఉండేది సీఏ0106 అనే వేరే చిప్, కార్డు మీద ఎస్‌బీ0410 అని ఉంటుంది. డెల్ సిస్టమ్‌లతో వచ్చిన ఎస్‌బీ0200 కార్డుకి డ్రైవరే వేరు. ఫొటో చూసి కొనకండి, కార్డు మీద నంబరు దగ్గర నుంచి ఫొటో తీసి పంపమనండి. ముందుగా మీ బోర్డు మీద పాత పీసీఐ స్లాటు ఉందో లేదో చూసుకోండి, కొత్త బోర్డుల్లో చాలావరకు ఉండటం లేదు.

చివరికి మేం ఏం చేశామంటే, వాళ్ల కెర్నల్ తీసేసి డెబియన్ వేసుకున్నాం. అందులో ఓఎస్ఎస్-కంపాట్ అని చిన్న ప్యాకేజీ ఉంది, పాత మాడ్యూళ్లను లోడ్ చేయించే పని అది చూసుకుంటుంది. మా ప్రోగ్రాము 16,000 అడిగితే 16,000 వస్తోంది, అప్‌డేట్లూ వస్తున్నాయి. దీనికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. అదనంగా తీసుకున్న డబ్బు మాత్రం షాపువాళ్లు తిరిగి ఇవ్వం అన్నారు, "సర్వీస్ చార్జీ సార్, మనిషి వచ్చాడు కదా" అంటున్నారు. మా బిల్లులో "ఇన్‌స్టలేషన్" అని ఒక్క ముక్కే ఉండటం వాళ్లకి బాగా కలిసొచ్చింది.

కాబట్టి మీ బిల్లులో ఆ ముక్కకి ఒప్పుకోకండి. ఏ ప్రోగ్రాము, ఏ కెర్నల్ మీద, ఏ శాంపిల్ రేటుతో రికార్డూ ప్లేబ్యాకూ చేయాలో రాయించండి. సిస్టమ్‌ని ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ పెట్టాక, రూట్‌గా కాకుండా మామూలు యూజర్‌గా లాగిన్ అయి, ప్రోగ్రాము నడిపి చూపించాకే మిగతా డబ్బు ఇస్తామని ముందే చెప్పండి. మామూలు యూజర్‌కి శబ్దం రాకపోతే ఆ యూజర్ ఆడియో గ్రూపులో ఉన్నాడో లేదో చూడమనండి, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఇంట్లో వాడుకోవడానికి కొన్నవాళ్లకి ఇలాంటి మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు, బిల్లు, షాపువాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు, ఎల్ఎస్ కమాండ్ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. ఎవరి దగ్గరైనా సిస్టమ్ ఇప్పటికే డెలివరీ అయి డబ్బు ఇంకా పూర్తిగా కట్టకపోతే, ఈ రోజే ఆ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి ఓఎస్ఎస్ వరుసా, ప్లగిన్స్ వరుసా రెండూ చూడండి.