పాత స్పోర్ట్స్ బైకుతో కెఫే రేసర్: ఏ బండి మేలు?

పాత స్పోర్ట్స్ బైకును కెఫే రేసర్‌గా, అంటే అనవసరపు భాగాలు తీసేసి వేగం కోసం తీర్చిన పాతకాలపు రూపం బండిగా మార్చాలని వెతికేవారు ముందుగా అడిగేది హార్స్‌పవర్ ఎంత అని. నేనైతే ముందు ఫెయిరింగు, అంటే బండిని కప్పే ప్లాస్టిక్ తొడుగు, విప్పి చూపించమంటాను. తయారయ్యే బండి అందమైనా, పడవలసిన శ్రమైనా, పెట్టవలసిన ఖర్చైనా ఆ ప్లాస్టిక్ వెనుక దాగి ఉన్నదాన్ని బట్టే ఉంటాయి.

దీనికి స్పోర్ట్స్ బైకే ఎందుకు, ఏదో ఒక పాత మామూలు బండి చాలదా అని చాలామంది అడుగుతారు. కెఫే రేసర్లు పుట్టిన 1950, 60 దశకాల్లో బ్రిటన్ యువకులకు గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల వేగం అందుకోవడం ఒక పంతం. మలుపుల్లో నిలకడకు పేరుపడ్డ నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిను బిగించి ‘ట్రైటన్’ కట్టింది అందుకే. దొరికినవాటిలో మేలైన ఫ్రేమునూ, మేలైన ఇంజినునూ ఎంచుకోవడమే ఆ సంప్రదాయం. మెత్తటి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే సస్పెన్షన్), డ్రమ్ బ్రేకులు ఉన్న బండికి గోధుమరంగు సీటు కుట్టించినంత మాత్రాన అది కెఫే రేసర్ కాదు. పాత స్పోర్ట్స్ బైకులో గట్టి ఫ్రేము, మంచి డిస్క్ బ్రేకులు ముందే ఉంటాయి. పాదాలు పెట్టే పెగ్గులు కూడా అప్పటికే పైకి, వెనక్కి ఉంటాయి. కొత్త రియర్‌సెట్ల (వెనక్కి జరిపిన పెగ్గుల) కోసం ముందే డబ్బు పోయనక్కరలేదు. ఈ విషయం చాలామందికి కొన్న తరువాత గాని తట్టదు.

ఇక ఎంపిక. మొదటి రకం, నీటితో చల్లబడే నాలుగు సిలిండర్ల బళ్లు. 1987లో వచ్చిన హోండా సీబీఆర్600ఎఫ్ దీనికి సరైన ఉదాహరణ. తయారీదారు ఆ బండిని నిలువెల్లా ప్లాస్టిక్‌తో కప్పేశాడు, కాబట్టి లోపలి ఇంజిను పైకి ఎలా కనిపిస్తుందన్న చింత పెట్టుకోలేదు. ఫెయిరింగు తీస్తే రబ్బరు గొట్టాలు, రేడియేటరు, వైర్ల కట్టలు బయటపడతాయి. ఇంజిను నమ్మకమైనదే, బలానికీ కొదవ లేదు. కానీ కప్పి ఉంచడానికి చేసిన దాన్ని చూడదగ్గదిగా మార్చడానికి పట్టే శ్రమ మిగతా పని మొత్తాన్ని మింగేస్తుంది. 1984 నాటి కవాసాకి జీపీజడ్900ఆర్ కూడా నీటితో చల్లబడేదే, 908 సిసి, 16 వాల్వులు. దాని ఫెయిరింగు ఇంజినును పూర్తిగా కప్పదు కనుక కొంత నయం. అయినా రెండూ వెడల్పాటి బళ్లే. సన్నని నడుము కోరుకునేవారిని ఇవి నిరాశపరుస్తాయి.

రెండో రకం సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750, 1985 నుంచి 1991 దాకా వచ్చిన నమూనాలు. రేడియేటరు లేదు, నీటి గొట్టాలు లేవు. పిస్టన్ల అడుగు భాగం మీదికి నూనె చిమ్ముతూ, పెద్ద ఆయిల్ కూలర్‌తో వేడిని తగ్గించే పద్ధతి ఇది. సిలిండర్ల మీద దగ్గర దగ్గరగా పేర్చిన సన్నని ఫిన్నులు, అంటే వేడిని వదిలే లోహపు రేకులు ఉంటాయి. బట్టలు విప్పినా సిగ్గుపడని ఇంజిను ఏదైనా ఉందంటే ఇదే. చతురస్రపు గొట్టాలతో చేసిన అల్యూమినియం ఫ్రేము ఇంజినును కింది నుంచి ఊయలలా చుట్టుకుని ఉంటుంది, పాతకాలపు ఆకారానికి అతికినట్టు సరిపోతుంది. 1985 నుంచి 87 దాకా వచ్చిన బళ్లకు 18 అంగుళాల చక్రాలు. అవీ ఆ పాతతనాన్ని పెంచేవే, కాకపోతే 17 అంగుళాలకు దొరికినన్ని మంచి టైర్లు వీటికి దొరకవు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. స్పోర్ట్స్ బైకుల దారినే మార్చిన బండి ఈ జీఎస్ఎక్స్-ఆర్. ఫెయిరింగుతో సహా చెక్కుచెదరకుండా ఉన్న 1985 నాటి బండి దొరికితే దయచేసి దాని మీద రంపం పెట్టకండి. ప్లాస్టిక్ అంతా విరిగిపోయి, ఫ్రేము మాత్రం నిటారుగా మిగిలిన బండిని తీసుకోండి. లేదా అదే ఇంజిను కుటుంబానికి చెందిన 1157 సిసి బాండిట్ 1200 వైపు చూడండి. అది స్పోర్ట్స్ బైకు కాదు, కానీ దాని ఫ్రేము ఉక్కుది, కోసి అతకడం తేలిక.

మూడో రకం రెండు సిలిండర్ల బళ్లు. నా మనసు ఇక్కడే ఉంది. 1990లలో వచ్చిన డుకాటి 900ఎస్ఎస్‌లో గాలితో, నూనెతో చల్లబడే 904 సిసి వీ-ట్విన్ (రెండు సిలిండర్లు V ఆకారంలో ఉన్న) ఇంజిను, దాని చుట్టూ ఉక్కు గొట్టాల జాలీ ఫ్రేము ఉంటాయి. సగం పని డుకాటి వారే చేసి పెట్టారనిపిస్తుంది. 2006 ప్రాంతంలో స్పోర్ట్ క్లాసిక్ బళ్లను వాళ్లు తెచ్చింది కూడా గాలితో చల్లబడే 992 సిసి వీ-ట్విన్‌తోనే. ఈ కూర్పు పాత రూపానికి ఎంతగా నప్పుతుందో చెప్పడానికి అదే సాక్ష్యం. అయితే పోషణ ఎక్కువ. క్యామ్‌షాఫ్టులను తిప్పే బెల్టులు సుమారు రెండేళ్లకోసారి మార్చాలి, వాల్వులను తెరవడానికీ మూయడానికీ వేర్వేరు ఆర్ములు ఉన్నందున సర్దుబాటుకు ఓర్పు, నేర్పు రెండూ కావాలి. యమహా టీఆర్ఎక్స్850 అంతగా ఎవరికీ గుర్తుండదు. 1995లో వచ్చిన ఈ బండిది కూడా జాలీ ఫ్రేమే, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) 270 డిగ్రీలది కావడంతో శబ్దం వీ-ట్విన్‌ను తలపిస్తుంది. ఎక్కడైనా కనిపిస్తే వదలకండి.

సుజుకి ఎస్‌వీ650 అందంలో వీటి కంటే ఒక మెట్టు కిందే. నీటితో చల్లబడేది, ముందు రేడియేటరు కనిపిస్తూనే ఉంటుంది. ముందు ఫోర్కు మరీ సాధారణమైనది. చాలామంది జీఎస్ఎక్స్-ఆర్ ఫోర్కు తెచ్చి బిగిస్తారు. అయినా 645 సిసి ఇంజిను మొండిది, నడుము సన్ననిది, విడిభాగాలకు కరువు లేదు. 1999 నుంచి 2002 దాకా వచ్చినవి కార్బ్యురేటర్‌వి, 2003 నుంచి ఇంజెక్షన్. వేరే పాత ట్యాంకు పెట్టాలన్న ఆలోచన ఉంటే కార్బ్యురేటర్‌దే తీసుకోండి. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, ట్యాంకు మారిస్తే దానికి మళ్లీ చోటు వెతకాలి.

బండి ఏదైనా తప్పని తగువు వెనుక సబ్‌ఫ్రేముతో, అంటే సీటును మోసే చట్రంతో. కెఫే రేసర్‌కు ట్యాంకు అడుగు నుంచి సీటు చివరి దాకా గీత అడ్డంగా, నేరుగా పోవాలి. స్పోర్ట్స్ బైకు తోక పైకి లేచి ఉంటుంది. ఆ సబ్‌ఫ్రేము బోల్టులతో బిగించినదైతే అదృష్టమే: పాతది విప్పి దాచుకుని కొత్తది చేయించుకోవచ్చు, మనసు మారితే బండిని మళ్లీ మొదటి రూపానికి తేవచ్చు. ఫ్రేముకే అతికినదైతే కోయక తప్పదు. ఉక్కయితే మంచి వెల్డరు చాలు. అల్యూమినియం అయితే వెల్డింగు వేడికి అతుకు పక్కనున్న లోహం బలం తగ్గుతుంది, అందుకే ఆ పని తెలిసినవారికే అప్పగించాలి. ఏ పద్ధతిలోనైనా కోసే ముందు సస్పెన్షన్‌ను పూర్తిగా కుదించి, టైరుకూ సీటు అడుగుకూ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో కొలవండి. సీటు గీత కోసం వెనుక షాకును కురచ చేయడం మాత్రం వద్దు. తోక దిగితే ముందు ఫోర్కు వాలు పెరిగి, మలుపుల్లో ఆ బండికున్న చురుకుదనం పోతుంది. దాని కోసమే కదా స్పోర్ట్స్ బైకును ఎంచుకున్నది!

ఇంజినుకు గాలి అందించే ఎయిర్ బాక్స్ తీసేసి, ఒక్కో కార్బ్యురేటర్‌కు విడిగా బిగించే పాడ్ ఫిల్టర్లు పెట్టడం చూడటానికి బాగుంటుంది. కానీ ఈ బళ్లలో ఎక్కువగా ఉండేవి శూన్యపీడనంతో స్లైడు లేచే కార్బ్యురేటర్లు. వాటికి నిలకడైన గాలి కావాలి. పాడ్లతో మధ్య వేగాల్లో ఇంజిను తడబడుతుంది, జెట్లు (పెట్రోలు కొలిచే చిన్న రంధ్రాల భాగాలు) మార్చి మార్చి విసిగిపోతారు. రెండు కార్బ్యురేటర్లతోనే ఇది చిక్కు, నాలుగుతోనైతే చెప్పనక్కరలేదు. ఎయిర్ బాక్స్ ఉంచడానికే నా ఓటు. చువ్వల చక్రాల విషయంలోనూ అంతే: ఫొటోలో ముచ్చటగా ఉంటాయి, కానీ 17 అంగుళాల పోత చక్రాలు, వాటి రేడియల్ టైర్లు ఇచ్చే పట్టును వదులుకోవడానికి అది చాలదు.

మొదటిసారి చేతులు పెట్టేవారికి కార్బ్యురేటర్ ఎస్‌వీ650 అంటాను. ఇంజిను విప్పి బిగించడం వచ్చినవారికి, పోషణకు వెనుకాడనివారికి 900ఎస్ఎస్‌ను మించింది లేదు. నాలుగు సిలిండర్ల కేక వినకుండా ఉండలేనివారు దెబ్బతిన్న జీఎస్ఎక్స్-ఆర్ కోసం ఓపికగా వెతకాలి. సీబీఆర్600ఎఫ్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే, దాన్ని ఫెయిరింగుతోనే నడపండి.