పాత పుస్తకం, కొత్త టామ్‌క్యాట్: 'హెడ్ ఫస్ట్ సర్వ్‌లెట్స్ అండ్ జేఎస్పీ' ఇప్పుడు కొనొచ్చా?

జావాలో వెబ్ అప్లికేషన్లు తేలిగ్గా కట్టిపెట్టే స్ప్రింగ్ బూట్ వచ్చాక, బ్రౌజర్ రిక్వెస్టులకు జవాబిచ్చే జావా క్లాసులైన సర్వ్‌లెట్ల పుస్తకం ఎందుకండీ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే స్ప్రింగ్ వెబ్ భాగమైన స్ప్రింగ్ ఎమ్‌వీసీలో రిక్వెస్ట్ నేరుగా మీరు రాసిన కంట్రోలర్ క్లాసు దగ్గరికి రాదు. ముందు డిస్పాచర్ సర్వ్‌లెట్ దగ్గరికి వెళ్తుంది, పేరులో ఉన్నట్టే అదీ ఒక సర్వ్‌లెట్టే. స్ప్రింగ్ సెక్యూరిటీ అంటే వరసగా నిలబెట్టిన ఫిల్టర్లు, అంటే రిక్వెస్టును దారిలో ఆపి చూసే క్లాసులు. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా యానొటేషన్లు అంటించుకుంటూ పోతే, మొదటి 403 (అనుమతి లేదన్న ఎర్రర్) వచ్చిన రోజున చేతులెత్తేయాల్సి వస్తుంది.

బ్రయన్ బాషమ్, కేథీ సియెర్రా, బెర్ట్ బేట్స్ రాసిన ఈ ఓరైలీ పుస్తకం మొదటిసారి 2004లో వచ్చింది. ఇప్పుడు దొరికే రెండో ఎడిషన్ 2008 నాటిది. 14 అధ్యాయాలు, దాదాపు 900 పేజీలు. అసలు రాసింది సన్ కంపెనీ సర్టిఫికేషన్ పరీక్ష కోసం. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేశాక ఆ పరీక్ష పేరే మారిపోయింది. ఇంత పాతదైనా కొనొచ్చనే మా మాట. రెండు షరతులున్నాయి: ఇందులోని కోడ్‌ను టామ్‌క్యాట్ (సర్వ్‌లెట్లను నడిపే సర్వర్) 9 మీదే నడపాలి, దాదాపు సగం పుస్తకాన్ని మొహమాటం లేకుండా వదిలేయాలి.

ముందు టామ్‌క్యాట్ సంగతి. టామ్‌క్యాట్ 10 మీద, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొడితే మొదటి ప్రోగ్రామే కంపైల్ కాదు. సర్వ్‌లెట్లు భాగంగా ఉన్న జావా ఈఈని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది గానీ 'జావాఎక్స్' అన్న ప్యాకేజీ పేరు మీద హక్కు ఇవ్వలేదు. దాంతో 2020లో జకార్తా ఈఈ (జావా ఈఈకి కొత్త పేరు) 9 వచ్చేసరికి 'జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్' కాస్తా 'జకార్తా డాట్ సర్వ్‌లెట్' అయింది. టామ్‌క్యాట్ 9 వరకూ పాత పేరు, 10 నుంచి కొత్త పేరు. పుస్తకం నిండా ఉన్నది పాత పేరే. ఆఫీసు మెషీన్లో 10 తప్ప వేరే దారి లేకపోతే, టామ్‌క్యాట్ ఫోల్డర్లో 'వెబ్‌యాప్స్-జావాఈఈ' అని ఒక ఫోల్డర్ చేసి మీ పాత అప్లికేషన్ అందులో పడేయండి, అదే పేర్లు మార్చుకుని డిప్లాయ్ చేసుకుంటుంది, అంటే నడిపేందుకు సిద్ధం చేసుకుంటుంది. నేర్చుకునేటప్పుడు మాత్రం ఆ గొడవ వద్దు. జేడీకే 8 గానీ 11 గానీ, దానికి తోడు టామ్‌క్యాట్ 9 జిప్. అంతే చాలు.

రెండో అడ్డంకి కంపైల్ కమాండ్. పుస్తకంలో సర్వ్‌లెట్-ఏపీఐ జార్ (జావా క్లాసుల కట్ట) టామ్‌క్యాట్‌లోని 'కామన్' ఫోల్డర్లోని 'లిబ్'లో ఉంటుంది. అది టామ్‌క్యాట్ 5 నాటి ఏర్పాటు. 6 నుంచి 'కామన్' తీసేసి అన్నీ ఒకే 'లిబ్'లో పెట్టారు. దారి సరిచేసుకోండి. పుస్తకంలోవి మ్యాక్ కమాండ్లు, క్లాస్‌పాత్‌లో (క్లాసులు వెతకాల్సిన చోట్ల జాబితా) జార్‌కూ జార్‌కూ మధ్య కోలన్ ఉంటుంది. విండోస్‌లో అక్కడ సెమీకోలన్ పెట్టాలి. ఇది మర్చిపోతే జార్ కళ్లెదుటే ఉన్నా 'ప్యాకేజీ లేదు' అంటుంది.

ఇక పోర్టు. కాలేజీ ల్యాబుల కోసమని ఒరాకిల్ ఎక్స్‌ఈ 10జీ గానీ 11జీ గానీ వేసుకున్న మెషీన్లో 8080 పోర్టును అదే పట్టుకుని కూర్చుంటుంది. టామ్‌క్యాట్‌దీ అదే పోర్టు. బ్రౌజర్లో టామ్‌క్యాట్ పేజీ బదులు ఒరాకిల్ లాగిన్ కనిపిస్తే కారణం ఇదే. 'కాన్ఫ్' ఫోల్డర్లోని సర్వర్ ఎక్స్‌ఎమ్‌ఎల్ తెరిచి కనెక్టర్ పోర్టును 8081 చేసి, మళ్లీ స్టార్ట్ చేయండి.

ఈ మూడూ దాటాక పుస్తకం తన సత్తా చూపిస్తుంది. 3వ అధ్యాయంలో బీరు రంగు ఎంచుకుంటే ఏ బ్రాండు తాగాలో చెప్పే చిన్న అప్లికేషన్ ఒకటుంది (బీరు ఇబ్బందైతే టీ అనుకోండి, కోడ్ మారదు). ముందు ఫారం, తర్వాత సర్వ్‌లెట్, ఆ పైన మామూలు జావా క్లాసు, చివర జేఎస్పీ (మధ్యలో జావా పెట్టగలిగే హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ). ఒక్కో మెట్టు దగ్గర ఆగి, డిప్లాయ్ చేసి, నడిపించి చూపిస్తారు. దీన్ని ఐడీఈలో చేయకండి. ఫోల్డర్లు చేత్తో కట్టి నోట్‌ప్యాడ్‌లో రాయండి. సర్వ్‌లెట్‌కు మూడు పేర్లుంటాయి: బయట యూఆర్‌ఎల్‌లో కనిపించే పేరు, వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (అప్లికేషన్ సెట్టింగుల ఫైలు) మాత్రమే పనికొచ్చే లోపలి పేరు, ప్యాకేజీతో కలిపి అసలు క్లాసు పేరు. ఎందుకు మూడున్నాయో చేత్తో కట్టినప్పుడే ఎక్కుతుంది.

ఇక్కడ ఎదురయ్యే తప్పులు దాదాపు అందరికీ అవే. ఫారం యాక్షన్‌లో ముందు స్లాష్ పెడితే 404 (పేజీ దొరకలేదు), ఎందుకంటే ఆ స్లాష్‌తో దారి మీ అప్లికేషన్ నుంచి కాక సర్వర్ మొదలు నుంచి లెక్కవుతుంది. వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోని యూఆర్‌ఎల్ ప్యాటర్న్‌కు మాత్రం ఆ స్లాష్ ఉండి తీరాలి. ఫారంలో మెథడ్ రాయకపోతే అది గెట్ అయిపోతుంది, మీరు రాసింది పోస్ట్‌కు జవాబిచ్చే డూపోస్ట్ ఒక్కటే అయితే 405 (ఆ మెథడ్ చెల్లదు). క్లాస్ ఫైలును ప్యాకేజీ ఫోల్డర్లు లేకుండా 'క్లాసెస్'లో నేరుగా పడేస్తే 500 (సర్వర్ లోపలి తప్పు), అడుగున క్లాస్ దొరకలేదన్న ఎక్సెప్షన్. ఈ మూడు అంకెలూ చూడగానే చెయ్యి ఎక్కడికి వెళ్లాలో తెలిసిపోయేదాకా ఆ అధ్యాయం విడవకండి.

పుస్తకం ధర మొత్తం 5వ అధ్యాయంలోనే వసూలైపోతుంది. కంటెయినర్, అంటే సర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్ లాంటిది, ఒక సర్వ్‌లెట్‌కు ఒకే ఆబ్జెక్ట్ తయారుచేస్తుంది, వచ్చే ప్రతి రిక్వెస్టుకూ ఒక థ్రెడ్ (మిగతావాటితో పాటే విడిగా నడిచే పని) ఇస్తుంది. టామ్‌క్యాట్‌లో డీఫాల్ట్‌గా ఆ థ్రెడ్లు 200 దాకా వెళ్తాయి. అంటే సర్వ్‌లెట్ క్లాసులో మీరు పెట్టిన ఇన్‌స్టన్స్ వేరియబుల్ ఒక్కదాని మీద 200 మంది ఒకేసారి చెయ్యి వేయొచ్చు. అప్లికేషన్ మొత్తం పంచుకునే కాంటెక్స్ట్ ఆట్రిబ్యూట్లకు థ్రెడ్ సేఫ్టీ లేదు, అంటే పలు థ్రెడ్లు ఒకేసారి తాకితే పాడవొచ్చు. ఒక్కో వాడుకరికి విడిగా ఉండే సెషన్ ఆట్రిబ్యూట్లకూ లేదు, ఒకే మనిషి రెండు బ్రౌజర్ విండోలు తెరిస్తే చాలు. రిక్వెస్ట్ ఆట్రిబ్యూట్లూ, మెథడ్ లోపలి లోకల్ వేరియబుళ్లూ మాత్రమే నిక్షేపం. దీన్ని ఇంత ఓపికగా, బొమ్మలేసి చెప్పిన పుస్తకాలు తక్కువ.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో దొరికే నోట్సులో లైఫ్ సైకిల్ చెప్పడానికి తరచూ ఒక ఉదాహరణ కనిపిస్తుంది: సర్వ్‌లెట్ మొదట్లో నడిచే ఇనిట్‌లో డేటాబేస్ కనెక్షన్ తెరవడం, చివర్లో నడిచే డిస్ట్రాయ్‌లో మూయడం. ఇంటర్వ్యూ జవాబుకు బాగానే ఉంటుంది. నిజం అప్లికేషన్‌లో ఆ ఒక్క కనెక్షన్‌నే అన్ని థ్రెడ్లూ పంచుకుంటాయి, ఒకరి ట్రాన్సాక్షన్‌ను ఇంకొకరు కమిట్ చేసేస్తారు. పైగా మైఎస్‌క్యూఎల్ డీఫాల్ట్‌గా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు కదలకుండా ఉన్న కనెక్షన్‌ను తెంపేస్తుంది. రాత్రి బాగానే ఉండి పొద్దున్నే మొదటి రిక్వెస్టుకే పడిపోయే అప్లికేషన్ల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. 5వ అధ్యాయం చదివినవాళ్లు ఆ ఉదాహరణ చూడగానే పట్టేస్తారు.

6వ అధ్యాయం సెషన్లు. కుకీ లేకపోతే యూఆర్‌ఎల్‌కు సెషన్ ఐడీ ఎలా తగిలిస్తారో చక్కగా ఉంది. టైమౌట్ దగ్గర జాగ్రత్త: వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఇచ్చేది నిమిషాల్లో, కోడ్‌లో ఇచ్చేది సెకన్లలో. అరగంట అనుకుని కోడ్‌లో 30 రాస్తే అర నిమిషానికే లాగౌట్. ఒక చోట పుస్తకానికీ నేటికీ పొసగదు. కోడ్‌లో 0 ఇస్తే సెషన్ అప్పటికప్పుడే ముగుస్తుందని పుస్తకం అంటుంది, సర్వ్‌లెట్ 3.0 నుంచి మాత్రం 0 అంటే ఎప్పటికీ ముగియదని అర్థం. పూర్తిగా తిరగబడింది కదా!

జేఎస్పీ అధ్యాయాల్లో 8, 9 చదివి, స్క్రిప్ట్‌లెట్ల (పేజీలో పెట్టే జావా ముక్కలు) మీద ఎక్కువసేపు ఆగకండి. డాలరు, బ్రాకెట్లతో రాసిన ఎక్స్‌ప్రెషన్ పేజీలో అలాగే అచ్చయి కనిపిస్తే కోడ్‌ను తిట్టకుండా వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ పైవరస చూడండి. అక్కడ సర్వ్‌లెట్ 2.3 నాటి డీటీడీ (ఫైలు ఏ వెర్షన్‌దో చెప్పే వరస) ఉంటే ఆ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ పనిచేయదు. ప్రాజెక్టులు కట్టిపెట్టే మేవెన్ పాత వెబ్‌యాప్ ఆర్కిటైప్ (నమూనా ప్రాజెక్టు) ఇచ్చే ఫైలులో ఉండేది అదే. జేఎస్‌టీఎల్‌కు (జేఎస్పీలో వాడుకునే రెడీమేడ్ ట్యాగులు) కావాల్సినవి టామ్‌క్యాట్‌తో వచ్చే 'ఎగ్జాంపుల్స్' అప్లికేషన్‌లో ఉన్నాయి. దాని వెబ్-ఐఎన్‌ఎఫ్‌లోని 'లిబ్' నుంచి ట్యాగ్‌లిబ్స్ జార్లు రెండూ మీ అప్లికేషన్‌లోకి కాపీ చేయండి, ఒకటి చాలదు.

10వది, సొంత ట్యాగులు రాయడం, వదిలేయండి. 14వ దాంట్లోని స్ట్రట్స్ 1కి 2013లోనే మద్దతు ఆగిపోయింది. 13వది, ఫిల్టర్లు, తప్పక చదవాలి. ఫిల్టర్ల గొలుసు తిరిగి వచ్చేసరికే రెస్పాన్స్ బ్రౌజర్‌కు వెళ్లిపోయి ఉండొచ్చు, కాబట్టి దాన్ని ముందే ఒక రాపర్‌లో చుట్టి పంపాలన్న వివరణ స్ప్రింగ్‌లోనూ అక్షరాలా పనికొస్తుంది. 12వ దాంట్లో సెక్యూరిటీ పాతబడింది గానీ ఒక్క ముక్క పట్టుకోండి: సెక్యూరిటీ కన్‌స్ట్రెయింట్‌లో (ఏ పేజీకి ఎవరికి అనుమతో చెప్పే నియమం) గెట్, పోస్ట్ అని పేర్లు రాస్తే ఆ రెంటికే తాళం పడుతుంది. హెడ్ రిక్వెస్ట్ దర్జాగా లోపలికి వెళ్తుంది, పైగా డూహెడ్ లోపల పిలిచేది డూగెట్‌నే. మెథడ్ల పేర్లు రాయకుండా వదిలేస్తే అన్నిటికీ తాళం.

లోటు పెద్దదే ఒకటుంది. డేటాబేస్ దాదాపు లేదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్, కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వ), ట్రాన్సాక్షన్ వేరేచోట నేర్చుకోవాలి. టామ్‌క్యాట్ పూల్ వాడేటప్పుడు డ్రైవర్ జార్ మీ అప్లికేషన్‌లో కాదు, టామ్‌క్యాట్ సొంత 'లిబ్'లో ఉండాలన్నది కూడా ఇందులో దొరకదు.

మనకు తగిలే ఇంకో దెబ్బ తెలుగు అక్షరాలు. ఫారంలో 'తెలుగు' అని కొడితే యూనికోడ్ లెక్కలో అది 6, యూటీఎఫ్-8లో 18 బైట్లు. పోస్ట్‌లో వచ్చినదాన్ని టామ్‌క్యాట్ 9 లాటిన్ అనుకుని చదివి 18 పిచ్చి గుర్తులుగా చేస్తుంది. ఫారం విలువ చదివే మొదటి గెట్‌పారామీటర్ కంటే ముందే రిక్వెస్ట్‌కు ఎన్‌కోడింగ్ చెప్పాలి, తర్వాత చెప్తే పట్టించుకోదు. పిచ్చి గుర్తుల బదులు 6 ప్రశ్నార్థకాలు వస్తే తప్పు చదవడంలో కాదు, రాయడంలో: రెస్పాన్స్ కంటెంట్ టైప్‌లో గానీ, జేఎస్పీ పేజ్ డైరెక్టివ్‌లో గానీ యూటీఎఫ్-8 లేదన్నమాట.

పాతది కొనేట్టయితే కోఠీలోనో ఆబిడ్స్ ఆదివారం సంతలోనో వెతకొచ్చు. రెండో ఎడిషన్ అవునో కాదో కవర్ మీద చూడండి. అధ్యాయాల చివర ఉన్న ప్రశ్నల్లో కావాలని తికమక పెట్టేవి చాలా ఉన్నాయి, ఇందులో అసలు సాధన అవే. కాబట్టి మధ్యలో నాలుగైదు చోట్ల తిరగేసి, పాత యజమాని పెన్నుతో టిక్కులు పెట్టని ప్రతి తీసుకోండి.