రీల్స్, క్లాసు వాట్సాప్ గ్రూపు: చదువుకు ఏది ఎక్కువ చేటు?

ఇంజినీరింగ్ విద్యార్థికి మార్కులు తగ్గితే పెద్దలు ముందుగా తప్పుపట్టేది 2020లో మన దేశానికి వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌నే. వేలు పైకి జరిపితే చాలు మరొకటి ప్రత్యక్షమయ్యే ఆ ఏర్పాటు రాత్రి నిద్రను మింగి, మర్నాటి మొదటి పీరియడ్‌ను పాడుచేస్తుందన్నది నిజమే.

క్లాసు వాట్సాప్ గ్రూపు సంగతి అంత తేలిక కాదు. ఇంటర్నల్ పరీక్షల తేదీలు, ల్యాబ్ రికార్డు గడువులు, కాలేజీకి రాని రోజు నోట్సు అందులోనే దొరుకుతాయి కనుక దానిని వదులుకోలేరు. అయితే పరీక్ష ముందురోజు వచ్చిపడే ‘ముఖ్యమైన ప్రశ్నల’ పీడీఎఫ్‌నే నమ్ముకొని యూనిట్లకు యూనిట్లు వదిలేసే అలవాటూ అక్కడే పెరుగుతుంది. రీల్స్ కాలాన్ని తింటాయని విద్యార్థికి తెలుసు, గ్రూపులో గడిపిన గంటను మాత్రం చదువు కిందే జమకట్టుకుంటాడు. నా దృష్టిలో చేటు దీనిదే ఎక్కువ, కాకపోతే నోటిఫికేషన్లు ఆపి రోజుకొకసారి చూసుకొనే వెసులుబాటు దీనికి ఉంది.