వెండిదా, రాగి-నికెల్‌దా? హంగేరీ చారిత్రక స్థలాల నాణేలు

మొహాచ్ యుద్ధభూమి లాంటి జాతీయ స్మారక స్థలాల పేరిట హంగేరీ కేంద్ర బ్యాంకు తెచ్చిన నాణేలు తరచూ జంటగా వచ్చాయి: 10,000 ఫోరింట్ల (హంగేరీ కరెన్సీ) వెండిది, 2,000 ఫోరింట్ల రాగి-నికెల్‌ది. రెండిటి మీదా ఉండే 'బి.పి.' అనే ముద్రణాలయ గుర్తు బుడాపెస్టుది.

రెండూ 38.61 మి.మీ. వ్యాసమే. వెండిది 31.46 గ్రాములు, 925 నాణ్యత (వెయ్యి పాళ్లలో 925 వెండి). అంటే శుద్ధ వెండి 29.1 గ్రాములు. రెండోది దాదాపు 30.8 గ్రాములు, 75 శాతం రాగి, 25 శాతం నికెల్. తేడా గ్రాము కూడా లేదు కనుక తూచి గుర్తుపట్టడానికి మామూలు వంటింటి కాటా పనికిరాదు, కనీసం 0.1 గ్రాము చూపేది కావాలి. అయస్కాంతమూ తేల్చదు, రెండిటినీ అది పట్టదు.

వెండిది సాధారణంగా ప్రూఫ్ ముద్రణలో వస్తుంది: అద్దంలాంటి నేల, మసక బొమ్మ. చూడటానికి అందమే, కానీ వేలి ముద్ర పడితే అక్కడే ఉండిపోతుంది. రుద్దితే సన్నని గీతలు పడి విలువ పోతుంది. గాలిలోని గంధకంతో నల్లబడుతుంది కాబట్టి రబ్బరు, ఉన్ని దగ్గర పెట్టకండి. పి.వి.సి. (ఒక రకం మెత్తటి ప్లాస్టిక్) కవర్లు రెండిటికీ శత్రువులే. రాగి ఉన్నచోట ఆకుపచ్చ జిగురు తెస్తాయి. 39 మి.మీ. గట్టి క్యాప్సూల్ (నాణెం పెట్టే గుండ్రటి డబ్బీ) చాలు.

చేతిలో తిప్పి పిల్లలకు చూపించాలంటే రాగి-నికెల్‌దే కొనండి. అమ్మే రోజు లోహం ధరైనా రావాలంటే వెండిది, పెట్టె, ధ్రువపత్రంతో సహా.