కుర్చీని తిరగేసి చూడండి: హైదరాబాద్‌లో ఇల్లు, బట్ట, బస

మా చెల్లి రాజమండ్రిలో కొత్తింట్లో చేరబోతోంది. కుర్చీలు, పరదాలు, దివాను మీదకి మంచి గుడ్డ, కుదిరితే తనకో రెండు చీరలు. ఇవన్నీ ఒకే ఊళ్లో చూడాలంటే హైదరాబాద్ వెళ్లాల్సిందే. నాకు ఇలాంటివి చూడటమంటే ప్రాణం. కొనకపోయినా సరే, ఒక కుర్చీ ఎందుకలా ఉందో తేలేదాకా ఆ షాపు వదలను. అందుకే ఇందులో నా ఇష్టాయిష్టాలు గట్టిగానే ఉంటాయి.

ముందు బస సంగతి. మొదట దిగింది కొండాపూర్ వైపు ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో. ఫొటోల్లో అద్భుతంగా ఉంది. సిమెంటు రంగు గోడలు, నల్ల ఇనుప దీపాలు. లోపలికెళ్తే తడి తువ్వాలు వేసుకోవడానికి ఒక్క కొక్కెం లేదు. పెట్టె తెరుచుకోవడానికి చోటు లేదు. పడుకున్నాక దీపం ఆర్పాలంటే లేచి అవతలి గోడ దాకా నడవాలి. పడమటి గోడంతా నిలువెత్తు అద్దం, దానికి పల్చటి తెల్ల పరదా. మధ్యాహ్నం మూడు దాటాక ఏసీ ఎంత పెంచినా గది చల్లబడలేదు. చెబితే కుర్రాడు మర్యాదగానే ఇంకో పరదా తెచ్చాడు, కానీ దాన్ని వేలాడదీయడానికి రాడ్డు లేదు. పడమటెండకి అద్దం ఎదురుపెట్టి, ఆ వేడిని కరెంటు బిల్లుతో తరిమేద్దామనుకునే డిజైనంటే నాకు కోపం.

అక్కణ్నుంచి హిమాయత్‌నగర్‌లో ఒక పాత ఇంటి పై వాటాకి మారాం. మొజాయిక్ నేల, చెక్క కిటికీలు. ఒక్కో కిటికీకి పై రెక్కలు వేరు, కింది రెక్కలు వేరు. కిందివి మూస్తే వీధిలోవాళ్లకి కనబడం, పైవి తెరిస్తే గాలికి లోటుండదు. ఇంటావిడ తాళాలిస్తూ, "పడమటి కిటికీ సాయంత్రం ఆరుదాకా ముట్టుకోకండమ్మా, మధ్యాహ్నం తూర్పుది తెరుచుకోండి" అన్నారు. ఆ ఒక్క మాటతో గది మా అదుపులోకి వచ్చింది. వైఫై అంతంతమాత్రం, లిఫ్టు లేదు, టిఫిను బయటే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి మెట్లు కష్టం. నాకైతే మళ్లీ వెళ్లినా అదే కావాలి.

ఇక షోరూములు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, బంజారాహిల్స్ రోడ్లు కలిపి తిరిగితే ఈ ఏడాది ఫ్యాషనేమిటో గంటలో తెలిసిపోతుంది. ముడులు ముడులుగా ఉండే మీగడ రంగు గుడ్డ, గుండ్రటి సోఫాలు, కోణమే లేని బల్లలు. కంటికి హాయిగా ఉన్నాయి, కాదనను. కానీ ఆ ముడుల్లో దుమ్ము చేరితే పోదు, పైగా గుడ్డ విప్పి ఉతకడానికి జిప్పు ఉండదు. ధర అడిగేముందు జిప్పు ఎక్కడుందో అడగండి.

ఎక్కువ షోరూముల్లో కనబడింది చండీగఢ్ కుర్చీ. 1950లలో ఆ ఊరు కడుతున్నప్పుడు ఆఫీసుల కోసం స్విస్ ఆర్కిటెక్ట్ పియెర్ జెన్నరే బృందం టేకుతో, పేముతో చేయించిన కుర్చీలివి. తిరగేసిన వి అక్షరం లాంటి కాళ్లు, పేము అల్లిన సీటు, వీపు. మన వాతావరణానికి ఇంతకంటే తగిన కుర్చీ నాకు తోచదు. వీపుకి గాలి ఆడుతుంది, చెమట పట్టదు. నకళ్లు తీయడం మీద నాకు అభ్యంతరం లేదు, కానీ ఎలా తీశారన్నది చూడాలి. ఒకచోట సేల్స్ కుర్రాడు "పూర్తిగా చేత్తో అల్లిందే మేడమ్" అన్నాడు. మా చెల్లి "అక్కా, ఒకసారి తిరగేద్దాం" అంది. తిరగేశాం. చేత్తో అల్లిన సీటైతే చట్రం చుట్టూ వరసగా చిల్లులుంటాయి, ఒక్కో చిల్లులోంచి పేము తీగ దూరి వస్తుంది. ఇక్కడ చిల్లుల్లేవు. మిషను మీద నేసిన పేము షీటుని గాడిలో నొక్కి, జిగురు పెట్టి, పైన సన్నటి బద్ద కొట్టారు. షీటు సీటు కూడా వాడుకోవచ్చు, ధర ఆ లెక్కన చెబితే తప్పులేదు. చేతి పని ధర చెప్పడమే అన్యాయం. ఇంకో రెండు షాపుల్లో ఆ పేము మీద మందపాటి ఫోము దిండు కట్టేశారు. గాలి కోసం అల్లిన సీటు మీద ఫోము వేశాక పేముతో పనేముంది?

స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా షాపు రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నడిచివెళ్లేంత దూరం. 2018 ఆగస్టులో తెరిచారు, దేశంలో వాళ్ల మొదటి షాపు ఇదే. శని, ఆదివారాలు వద్దు. నాకు అక్కడ నచ్చేది పోయాంగ్ కుర్చీ. జపాన్ డిజైనరు నోబొరు నకమురా 1976లో గీశారు. పల్చటి చెక్క పొరలు అతికించి వంచిన చట్రం కాబట్టి కూర్చోగానే కొంచెం ఊగి వీపుని పట్టుకుంటుంది. కవరు విప్పి ఉతుక్కోవచ్చు. మా చెల్లి ఒకటి తీసుకుంది.

పాతబస్తీకి ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకున్నాం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం మూత, గుర్తుంచుకోండి. నా మనసు దోచింది మాత్రం పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా. బీరువా అంటే సరిపోదు. భవనం ఒక పక్క పొడవునా రెండంతస్తులుగా సాగే చెక్క అల్మారాలవి. పై వరస బట్టలు అందుకోవడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. ఆయన తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదని చెబుతారు. ఆ దుబారా నాకు నచ్చదు, ఆ చెక్కపని మాత్రం వదిలి రాబుద్ధి కాలేదు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే భోజనబల్ల కంటే నాకు ఇదే గొప్ప. ఆ బల్ల వచ్చినవాళ్లకి చూపించడానికి చేసింది, ఈ అల్మారా రోజూ వాడుకోవడానికి చేసింది.

లాడ్‌బజార్‌లో షాపు ముందు బేరం కంటే వెనక గల్లీలో పని చూడటం మేలు. బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, సాగదీసి, గాజుగా చుట్టి, వేడి ఆరేలోపు ఒక్కో రాయీ వేలితో నొక్కుతారు. 2024లో ఈ లక్కగాజులకి జీఐ, అంటే ఈ ఊరి సరుకేనన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటించిన రాళ్ల గాజులు కూడా అక్కడే అమ్ముతారు. గోటితో గీరితే తేడా తెలుస్తుంది.

గుడ్డ కోసం పోచంపల్లి వెళ్లాం. ఊళ్లోంచి 50 కిలోమీటర్ల లోపే, కారు మాట్లాడుకుంటే సుఖం. సిటీ షోరూముల్లో ఇక్కత్ పేరుతో పెట్టినవాటిలో చాలా అచ్చు వేసిన గుడ్డలే. వెనక వైపు రంగు వెలిసినట్టుంటే అది అచ్చు. నేసేముందే నూలుకి చిటికి, అంటే రంగు అంటకుండా గట్టి కట్లు, కట్టి రంగులద్దితే రెండు వైపులా ఒకే నిండుదనం ఉంటుంది, పువ్వు అంచు కొంచెం చెదిరినట్టుంటుంది. ఆ చెదురే నాకిష్టం. ఆసు పోయడానికి, అంటే చిటికి కట్టేముందు నూలుని మేకుల చుట్టూ తిప్పి సర్దడానికి, ఆడవాళ్లు ఒక చీరకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. ఆలేరు చింతకింది మల్లేశం గారు అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లోకి కొనే సోఫాల కంటే ఈ యంత్రాన్నే నేను డిజైనంటాను.

దివానుకి మష్రూ గుడ్డ అనుకున్నాం. పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలే వైపు నూలు. హైదరాబాద్‌లో ఈ నేతనీ, పట్టు, నూలు కలిపి పూలు నేసే హిమ్రూనీ సురయ్యా హసన్ బోస్ గారు మగ్గాలు పెట్టించి నిలబెట్టారు. 2021లో ఆవిడ పోయారు. మేం అడిగిన షోరూముల్లో మష్రూ అంటే పాలియెస్టర్ శాటిన్ తీసి చూపించారు, వద్దన్నాం. పరదాలకి పోచంపల్లిలో నీలం, తెలుపు నూలు ఇక్కత్ మీటర్ల లెక్కన చెప్పి వచ్చాం. మగ్గం మీదున్న పని దిగాక మాది ఎక్కిస్తామన్నారు. దివాను సంగతి ఇంకా తేలలేదు.